సభలో ఓట్లు సరిసమానమైతే నెగ్గింది ఎవరు?

తక్కెడ:
2021లో అమెరికా సెనేట్ 50–50గా చీలినప్పటి నుంచి నాకిదే సందేహం. అక్కడ సభకు అధ్యక్షత ఉపాధ్యక్షులది. ఓట్లు సమానమైతే తప్ప వాళ్లకు ఓటు లేదు. కమలా హారిస్ నాలుగేళ్లలో 33 సార్లు అలా ఓటేసి, దాదాపు 190 ఏళ్లు నిలిచిన జాన్ కాల్హూన్ రికార్డు 31ని దాటేశారు. సభ్యత్వమే లేని మనిషి బిల్లు తలరాత తేల్చడమేమిటి? సగం మందే ఔనంటే మెజారిటీ రానట్టే, వీగిపోవాలి. ఆస్ట్రేలియా సెనేట్‌కు రాజ్యాంగం పెట్టిన రూలు ఇదే. అక్కడ సభాధ్యక్షులు అందరితోపాటు ఓటేస్తారు, సమానమైతే ప్రతిపాదన పోయినట్టే.

గోడమీదపిల్లి:
ప్రశ్న ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ‘బడ్జెట్‌ను ఆమోదించాలి’ అంటే మీ రూలు ప్రకారం బడ్జెట్ పోతుంది. ‘తిరస్కరించాలి’ అంటే అవే ఓట్లతో బతుకుతుంది. ఇక న్యాయమెక్కడ?

నల్లకోటు:
అందుకే బ్రిటన్ స్పీకర్లు 1867 నుంచి, అప్పటి స్పీకర్ పేరుమీద వచ్చిన డెనిసన్ సూత్రం పాటిస్తున్నారు. చర్చకు ఇంకా దారి ఉంటే దాన్ని మూసేయకూడదు. మెజారిటీ లేనిచోట స్పీకర్ దాన్ని పుట్టించకూడదు. కెనడాలో 2005 మే 19న 152–152 వచ్చింది. స్పీకర్ పీటర్ మిల్లికెన్ బడ్జెట్ బిల్లుకు ‘ఔను’ వేశారు, అది రెండో రీడింగే, బిల్లు మీద చర్చ ఇంకా మిగిలే ఉంది కాబట్టి. మన రాజ్యాంగంలోని 100వ అధికరణం మాత్రం స్పీకర్ మొదట ఓటేయకూడదు, సమానమైతే వేసి తీరాలి అంటుంది. ఎటు వేయాలో చెప్పదు.

తక్కెడ:
మరి 2019 ఏప్రిల్ 3న బ్రెగ్జిట్ మీద ఓ సవరణకు 310–310 వచ్చినప్పుడు బ్రిటన్ స్పీకర్ జాన్ బెర్కో ‘వద్దు’ వేశారే! ఆ సవరణ అడిగిందే ప్రత్యామ్నాయాలు చూసేందుకు ఇంకో రోజు. చర్చకు దారి తెరవాలన్న సూత్రం అప్పుడేమైంది?

నల్లకోటు:
అక్కడ సూత్రంలోని రెండో సగం పనిచేసింది. అయినా మీరు పట్టింది మంచి పాయింటే, ఈ రెండు సగాలూ ఒక్కోసారి కొట్టుకుంటాయి.

గోడమీదపిల్లి:
స్వీడన్ వాళ్లకు ఈ పేచీ లేదు. 1973 ఎన్నికల్లో 350 సీట్లు రెండు పక్షాలకు 175–175గా పడ్డాయి. ఓట్లు సమానమైనప్పుడల్లా లాటరీయే. ‘లాటరీ పార్లమెంటు’ అనే పేరుపడింది. తర్వాతి ఎన్నికలకు సీట్లు 349 చేసుకున్నారు.

తక్కెడ:
ఒక్కరికి జ్వరమొస్తే మళ్లీ 174–174 కాదూ?

నల్లకోటు:
జ్వరం దాకా ఎందుకు? 1993లో యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం గొడవలో బ్రిటన్ దిగువ సభ కామన్స్‌లో 317–317 అని ప్రకటించారు, స్పీకర్ బెట్టీ బూత్రాయిడ్ ప్రభుత్వం వైపు ఓటేశారు. ఆనక తేలిందేమిటంటే లెక్క తప్పింది, ప్రభుత్వం అంతకు ముందే ఒక్క ఓటుతో గెలిచేసింది.