లియూ అమ్మమ్మ తోటలోకి వెళ్తే

ప్రశ్న: నోరెళ్లబెట్టి చూసేవాళ్లను చైనావాళ్లు "లియూ లావ్‌లావ్ దాగ్వాన్ తోటలోకి వెళ్లినట్టు" అంటారట. మన "పల్లెటూరి బైతు" దీనికి సరిపోతుందా?

జవాబు 1: వాడుకలో దాదాపు అదే. కానీ మాట పుట్టిన చోటు చూస్తే బైతు అనడానికి నాకు మనసొప్పదు. ఈవిడ 18వ శతాబ్దంలో త్సావ్ షుయెచిన్ రాసిన 'ఎర్ర మేడ కల' నవలలో పాత్ర. లావ్‌లావ్ అంటే ఉత్తర చైనాలో అమ్మమ్మ. పంటలు పండించుకునే కుటుంబం. చలికాలం గడవక, నగరంలో బాగా కలిగిన జియా వారింటికి సాయం కోసం వెళ్తుంది. దాగ్వాన్ ఆ ఇంటివాళ్ల తోటే.

40వ అధ్యాయంలో భోజనాల దగ్గర ఆమె లేచి, "లియూ ముసలి, లియూ ముసలి, తిండికి ఎద్దు, ఆడపందిని తిన్నా తలెత్తదు" అంటుంది. ఇల్లంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఒక్కోటి ఒక లియాంగ్ (పాత చైనా వెండి తూకం, డబ్బుగా వాడేవారు) అని చెప్పిన పావురం గుడ్డు కిందపడితే "ఒక లియాంగ్ వెండి, చప్పుడైనా చేయకుండా పోయిందే!" అని వాపోతుంది. తర్వాత పనమ్మాయి యువాన్‌యాంగ్ వచ్చి ఏమీ అనుకోవద్దంటే, నువ్వు ముందే చెప్పినప్పుడే అర్థమైంది, ఇంటి పెద్దావిడను నవ్వించడానికేగా అంటుంది. అంటే అదంతా తెలిసి ఆడిన ఆట.

లెక్కల్లోనూ గట్టిదే. 39వ అధ్యాయంలో జియా వారి పీతల విందు ఖర్చు అక్కడికక్కడే లెక్కగట్టి, ఇరవై లియాంగ్‌ల పైమాటే, మా రైతులకు ఏడాది గడుస్తుంది అంటుంది. 6వ అధ్యాయంలో తొలిసారి వచ్చినప్పుడు ఆమెకు దొరికిన సాయం సరిగ్గా 20 లియాంగ్‌లు! ఏడాది బతుకు, వాళ్లకు ఒక పూట విందు. రచయిత దీని మీద వ్యాఖ్యానమేమీ చేయడు.

జవాబు 2: ఆ తోటలోనే ఒక ఉత్తుత్తి పల్లె కూడా ఉంది, మట్టిగోడలతో, కూరమళ్లతో. 17వ అధ్యాయంలో జియా ఇంటి తండ్రి ఒకాయన అది చూసి, ఉద్యోగం మానేసి సేద్యం చేసుకోవాలనిపిస్తోందంటాడు. కొడుకు బావ్‌యూ ఊరుకోడు: దూరాన పొరుగూరు లేదు, దగ్గర్లో కోటగోడ లేదు, వెనక కొండకు వరస లేదు, పక్కన నీటికి ఊట లేదు, ఇదేం పల్లె అంటాడు. తండ్రి గదమాయించి బయటికి పొమ్మంటాడు. నగరంవాళ్ల పల్లె మోజును ఇంతకంటే బాగా ఎవరూ ఎగతాళి చేయలేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: మరి అనువాదంలో ఏం పెట్టను?

జవాబు 1: వెక్కిరింపు సందర్భమైతే "బస్తీ చూసిన బైతు" చాలు. నవల గురించిన వ్యాసమైతే పేరు అలాగే ఉంచి, కింద రెండు ముక్కల్లో ఈ కథ చెప్పండి.