పదహారేళ్ళ అబ్బాయికి నవ్వు నేర్పించడం కొనసాగించాలా, మాన్పించాలా?

గోదావరి గట్టు (చర్చ ప్రారంభించినవారు)

మా అబ్బాయికి పదహారేళ్ళు. నాలుగో ఏట ఆటిజం అని తేలింది. మాట్లాడతాడు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు ఒక థెరపీ సెంటర్‌లో వాడిని అద్దం ముందు కూర్చోబెట్టి, ఫొటో కార్డులు చూపించి, ఏ సందర్భంలో ముఖం ఎలా ఉండాలో సాధన చేయిస్తున్నారు. ఎదుటివారు తన వైపు చూస్తే, పెదవులు సాగదీసి, మూడు లెక్కపెట్టేదాకా నవ్వాలన్నది వాడికి బాగా ఒంటబట్టిన పాఠం.

గత నెల మా నాన్నగారు కాలం చేశారు. పెద్దకర్మ నాడు షామియానా కింద కూర్చుని, పలకరింపుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ చూసి వాడు నవ్వాడు. మూడు లెక్కపెట్టి ఆపేవాడు, మరొకరు రాగానే మళ్ళీ నవ్వేవాడు. "తాత పోతే మనవడికి పండగలా ఉంది" అని మా మేనత్త అందరికీ వినబడేలా అన్నది. నాన్నగారు పోయిన మర్నాటి నుంచి వాడు రోజూ ఉదయం ఆరింటికి లేచి, ఆయన చేతిగడియారానికి కీ ఇచ్చి, తిరిగి ఆయన తలగడ కింద పెడుతున్నాడన్న సంగతి ఆవిడకు తెలియదు.

సెంటర్ వారికి ఈ విషయం చెబితే, సందర్భాన్ని గుర్తించడం తరువాతి దశలో నేర్పుతామని, దానికి ఇంకో ఏడాది పడుతుందని అన్నారు. నన్ను ఏమి చేయమంటారు?

ఓరుగల్లు నాన్న

తప్పక కొనసాగించండి. సగం నేర్చుకున్న ఈత ప్రమాదమని ఈత మాన్పించరు కదా, పూర్తిగా నేర్పిస్తారు. మా వాడికి ఇరవై ఒకటి. డిగ్రీలో మంచి మార్కులు వచ్చాయి, ఆరు చోట్ల రాతపరీక్ష గట్టెక్కాడు, ఆరు చోట్లా ఇంటర్వ్యూలో పోయింది. ఒక చోట అధికారి నన్ను బయటకు పిలిచి, "మీ అబ్బాయికి ఈ ఉద్యోగం మీద ఆసక్తి ఉన్నట్టు ముఖంలో కనిపించలేదు" అని చెప్పాడు. ఆ ఉద్యోగం కోసం మావాడు నలభై రోజులు నిద్ర మానుకుని చదివాడు. ఇది ముఖం చూసి బొట్టు పెట్టే లోకం. దాన్ని మార్చే శక్తి నాకు లేదు కాబట్టి ముఖాన్నే మార్చుకోవాలని నేను చెబుతాను.

తెల్లకాగితం

నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆటిజం ఉందని ఇరవై రెండో ఏట తెలిసింది. అప్పటివరకు ఎవరూ గుర్తించకపోవడానికి కారణం నేను నవ్వడం బాగా నేర్చుకోవడమే. మా అక్క ముఖాన్ని చూసి, స్నానాలగదిలో గడియ పెట్టుకుని సాధన చేశాను. కళాశాల నుంచి ఇంటికి వచ్చాక దవడలు నొప్పి పుట్టి, దీపం ఆర్పి రెండు గంటలు గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. దీన్ని మాస్కింగ్ అంటారు.

ఓరుగల్లు నాన్న గారు చెప్పిన ఇంటర్వ్యూ సంగతి నిజమే. 2017లో అమెరికాలో సాసన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్నవారి వీడియోను కొద్ది క్షణాలు చూసినవారే వారితో స్నేహానికి వెనుకాడారు. గొంతు మాత్రమే విన్నవారు కూడా అలాగే వెనుకాడారు. అవే మాటలను కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు మాత్రం ఆ తేడా మాయమైంది. లోపం మాటల్లో లేదని దీనర్థం. అటువంటప్పుడు శిక్షణ ఎవరికి ఇవ్వాలి?

మువ్వల సవ్వడి

కూచిపూడిలో చేర్పించి చూడండి, ముఖాభినయం ఆటలా వస్తుంది.

తెల్లకాగితం

మువ్వల సవ్వడి గారూ, నర్తకి వేదిక దిగాక రంగు కడుక్కుని ఇంటికి వెళుతుంది. మేము దిగవలసిన వేదిక ఎక్కడ ఉందో చెప్పండి.

వాగ్దీపం

నేను పదకొండేళ్ళుగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను, కనుక నా మాటలో వృత్తిపరమైన పక్షపాతం ఉండవచ్చు. ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఆటిజం ఉన్నవారి ముఖకవళికలపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2018లో వచ్చింది. దాని ప్రకారం వారి ముఖంలో భావాలు తక్కువసార్లు, తక్కువసేపు కనిపిస్తాయి, ఎదుటివారి నవ్వును అప్రయత్నంగా అనుకరించడమూ తక్కువే. కనిపించినప్పుడు మాత్రం ఆ భావపు తీవ్రతలో గానీ, అది పుట్టే వేగంలో గానీ చెప్పుకోదగిన తేడా లేదు. ఈ పిల్లలకు భావాలే ఉండవన్న మాట అబద్ధం.

ఇక ఇంటెన్సివ్ శిక్షణకు ఆధారంగా ఇప్పటికీ చాలా సెంటర్లు చూపించేది అమెరికా మనస్తత్వవేత్త లోవాస్ 1987లో ప్రచురించిన ఫలితాలను. వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మందిలో 9 మంది మామూలు తరగతుల్లో చదవగలిగారన్నది ఆయన వాదన. వారంతా నాలుగేళ్ళలోపు పసిపిల్లలు, పైగా ఆ శిక్షణలో దండన కూడా ఉండేది. దాన్ని తెచ్చి ఇంటర్ చదివే కుర్రవాడికి అంటగట్టడం న్యాయం కాదు.

ఓరుగల్లు నాన్న

తక్కువసార్లు, తక్కువసేపు అని మీరే ఒప్పుకున్నారు. తక్కువగా ఉన్నదాన్ని పెంచడమే కదా శిక్షణ.

వాగ్దీపం

నేను ఒప్పుకున్నది తేడా ఉందని. దాన్ని లోటు అని మీరు చదువుకున్నారు.

ఓరుగల్లు నాన్న

తేడా అనండి, లోటు అనండి, ఉద్యోగం రాలేదు.

పల్నాటి సీమ

అందరూ ఒకటి మరిచిపోతున్నారు. నవ్వు నేర్పిస్తే వైకల్య ధ్రువపత్రంలో శాతం తగ్గిపోదా?

తెల్లకాగితం

ఈ ప్రశ్న హాస్యంగా కనిపించినా హాస్యం కాదు. మన దేశంలో ఆటిజాన్ని కొలిచే ఐశా అనే కొలమానం 2009లో సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. అందులోని 40 అంశాల్లో మొదటిది చూపు కలపకపోవడం, రెండవది పలకరింపు నవ్వు లేకపోవడం. అంటే మనిషి కష్టాన్ని కొలవడం ముఖంతోనే మొదలవుతుంది. దవడలు నొప్పి పుట్టేలా నవ్వే నాలాంటివారికి అక్కడ కష్టమే లేనట్టు లెక్క. చూపు సంగతి మరీ చిత్రం. మా తాతగారి కాలంలో పెద్దల ముందు తల వంచుకుని నిలబడితే వినయం అన్నారు, ఇప్పుడు అదే లక్షణం అయింది.

బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న సామాజికశాస్త్రవేత్త, మేము మీకు అర్థం కాకపోవడమూ, మీరు మాకు అర్థం కాకపోవడమూ ఒకే సమస్యకు రెండు వైపులని 2012లో రాశారు. 2020లో క్రాంప్టన్ బృందం ఒక కథను ఎనిమిదేసి మంది వరుసలో ఒకరి నుంచి ఒకరికి చెప్పించింది. వరుసలో అందరికీ ఆటిజం ఉన్నప్పుడు కథ ఎంత నిలిచిందో, ఎవరికీ లేనప్పుడూ అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరుసలోనే కథ త్వరగా చెదిరిపోయింది.

వాగ్దీపం

మీ వాదనలో చాలాభాగం నాకు సమ్మతమే గాని, ఒక చిక్కు ఉంది. ఆటిజం ఉన్నవారు చూపిన కవళికలను గుర్తించమని 2016లో బ్రూవర్ బృందం పరీక్ష పెట్టినప్పుడు, ఆటిజం లేనివారు మాత్రమే కాదు, ఉన్నవారు కూడా వాటిని సరిగ్గా పోల్చుకోలేకపోయారు. మాటల్లో కుదిరిన పొత్తు ముఖాల విషయంలో కుదరలేదు. కాబట్టి ప్రపంచమే మారాలన్న మాటతో ఈ తల్లిగారి ప్రశ్న తీరదు.

నల్లమల నీడ

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు, ఒక్క మాట కూడా రాదు. కడుపునొప్పి వచ్చినా దాని ముఖం మారదు. నిరుడు అపెండిక్స్ పగిలేదాకా మాకు తెలియలేదు. డాక్టరుగారు కూడా పొట్ట నొక్కి, ముఖం చూసి, నొప్పి లేదన్నారు. మీరు మాస్కింగ్ గురించి, గౌరవం గురించి ఇంత పొడుగున రాస్తుంటే, నవ్వు ఏమైపోయినా సరే, నొప్పి ఒక్కటి ముఖంలో చూపించడం ఎవరైనా నేర్పితే ఎంత డబ్బయినా ఇస్తానని అనిపించింది. మా వంటివారు ఏ వేదికలోనూ లెక్కలోకి రారు.

ఓరుగల్లు నాన్న

అమ్మా, నేను చెప్పేదీ అదే. తెల్లకాగితం గారికి మాటలు ఉన్నాయి, ఉద్యోగం ఉంది, తలుపు మూసుకుని పడుకోవడానికి సొంత గది ఉంది. అన్నీ సమకూరాక, ఇతరుల పిల్లలకు శిక్షణ వద్దనడం సులువు. తల్లిదండ్రుల బాధ వీరికి తెలియదు.

తెల్లకాగితం

మీ బాధ నాకు తెలియకపోవచ్చు. కానీ మీ అబ్బాయి బాధ మీకు తెలుసని మీరు ఎలా అనుకుంటున్నారు? ఈ చర్చలో మీరు ఆరు ఇంటర్వ్యూలను లెక్కపెట్టారు గానీ, అబ్బాయి ఏమన్నాడో ఒక్కసారి కూడా రాయలేదు.

ఓరుగల్లు నాన్న

అయితే వినండి. ఇక్కడ రాయకూడదనుకున్నాను. నా భయం ఉద్యోగం గురించి కాదు. రెండేళ్ళ క్రితం రాత్రి పదిన్నరకు మావాడు మందుల దుకాణానికి నడిచి వెళుతుంటే గస్తీ కానిస్టేబుల్ ఆపాడు. అడిగిన దానికి వీడు నేల చూస్తూ జవాబిచ్చాడు. "దొంగచూపులు చూస్తున్నాడు" అని జీపు ఎక్కించారు. నేను వెళ్ళేసరికి చెంప వాచి ఉంది, ముఖంలో మాత్రం ఏ భావమూ లేదు. అది చూసి, పొగరు తగ్గలేదని వాళ్ళు ఇంకోసారి కొట్టారట. నాకు అరవై రెండేళ్ళు, గుండెకు రెండు స్టెంట్లు ఉన్నాయి. నేను పోయాక ఆ జీపు దగ్గరికి ఎవరు వెళతారు? మీ అధ్యయనాలు వెళతాయా? అందుకే వాడిని నవ్వమంటున్నాను.

వాగ్దీపం

ఈ మాట మొదటే రాసి ఉంటే మనం మూడు రోజులు వాదించుకునేవాళ్ళం కాదు, సర్. నల్లమల నీడ గారూ, నొప్పికి ముఖాన్ని నమ్ముకోకండి. బొమ్మ మీద శరీరభాగం చూపించే అలవాటు, నొప్పి ఎంతో చెప్పే రంగుల కార్డు, నిద్రలోనూ తిండిలోనూ వచ్చే మార్పులు రాసిపెట్టే పుస్తకం, ఈ మూడూ మాటలు రాని పిల్లలకు నేను వాడతాను. నాకు సందేశం పెట్టండి, బొమ్మలు పంపుతాను.

గోదావరి గట్టు

మీ వాదనలు చదివాక, ఇన్నాళ్ళూ అడగనిది నిన్న మావాడిని అడిగాను. ఎదురుగా కూర్చుంటే చెప్పడు కాబట్టి పక్కగదిలోంచి వాట్సాప్‌లో అడిగాను. "సెంటర్‌లో నవ్వితే టిక్ పెడతారు. తాతయ్య కార్యక్రమంలో ఎవరూ టిక్ పెట్టలేదు, అందుకని సరిగ్గా రాలేదేమోనని మళ్ళీ మళ్ళీ చేశాను" అని రాశాడు. చాలాసేపు నాకు ఏమి రాయాలో తోచలేదు.

తరువాత వాడే ఇంకొకటి రాశాడు. తన ముఖం గురించి వాడికి పట్టింపు లేదట. లెక్కల లెక్చరర్‌కు కోపం వస్తున్నట్టు ముందుగా ఎలా తెలుస్తుందో మాత్రం నేర్పమన్నాడు, ఎందుకంటే ఆ కోపం తనకెప్పుడూ హఠాత్తుగా వచ్చినట్టే ఉంటుందట. అద్దం తరగతులు ఆపేస్తున్నాను. ఎదుటివారిని గమనించే తరగతి వేరే ఎక్కడైనా ఉందేమో వెతుకుతున్నాను.

ఓరుగల్లు నాన్న

ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయితే తెల్లకాగితం గారూ, వేరే చర్చలో మీరు మీ పర్సులో ఒక కార్డు పెట్టుకుంటారని రాసిన గుర్తు. దాని మీద ఏమి రాసుకున్నారో ఇక్కడ పెట్టగలరా?

తెల్లకాగితం

"నాకు ఆటిజం ఉంది. నేను మీ కళ్ళలోకి చూడకపోవచ్చు, నా ముఖంలో భావం కనిపించకపోవచ్చు. నేను మీ మాట వింటున్నాను. దయచేసి నన్ను తాకకుండా, ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఒకవైపు తెలుగులోనూ, మరోవైపు ఇంగ్లీషులోనూ ఉంటుంది. లామినేషన్ చేయించండి, లేకపోతే చెమటకు అక్షరాలు చెరిగిపోతాయి. కార్డును జేబులో కాకుండా మెడలో వేసుకోమని అబ్బాయికి చెప్పండి, రాత్రివేళ జేబులో చెయ్యి పెడితే దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటారు.