'మా నాయన బాలయ్య' మా నాయనకు చదివి వినిపిస్తున్నా, ఆ ఒక్క భాగం దాటేయాలా?

కీమ్యాన్ బిడ్డ:
వై.బి. సత్యనారాయణ గారు తన దళిత కుటుంబం మూడు తరాల గురించి రాసిన 'మా నాయన బాలయ్య' (పి. సత్యవతి గారి తెలుగు అనువాదం) పోయిన నెల చదివాను. అప్పటినుంచి మనసంతా దాని మీదే ఉంది.

మా నాయన కూడా రైల్వేనే. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి కీమ్యాన్‌గా రిటైరయ్యాడు. కాజీపేట-బల్లార్షా లైన్లో ఒక చిన్న స్టేషన్ పక్క క్వార్టర్‌లో పెరిగాం. ఒక గది, ఒక వంటిల్లు, ఆరుగురం. నాయన తెల్లారకముందే సుత్తి, స్పానర్, ఎర్రజెండాలు సంచిలో వేసుకుని పట్టాల వెంట నడిచేవాడు. పట్టాలను పట్టి ఉంచే ఇనుప 'కీ'లు వదులైతే బిగించుకుంటూ పోవాలి, మళ్లీ తిరిగి రావాలి. చలికాలం రాత్రుళ్లు పెట్రోలింగ్ ఉండేది. చలికి పట్టా కుంచించుకుపోయి ఎక్కడన్నా విరిగితే బండి వచ్చేలోపు చూడాల్సింది ఆయనే. ఇంటికొచ్చి మక్క గట్క తిని, మాట్లాడకుండా పడుకునేవాడు.

జీతం రోజు నాకు బాగా గుర్తు. పే క్లర్కు ఇచ్చిన నోట్లు నాయన అక్కడే నిలబడి లెక్కపెట్టేవాడు. స్టేషన్ బయట వేపచెట్టు కింద మిత్తికి (వడ్డీకి) అప్పు ఇచ్చినాయన నిలబడి ఉండేవాడు. మళ్లీ అక్కడ లెక్క. మిగిలింది అమ్మ కొంగులోకి. అమ్మ దాన్ని లెక్కపెట్టేది కాదు, ముడి వేసుకునేది.

పైకొచ్చిన మనిషి తన కథ రాస్తే మామూలుగా తనే ముందు నిలబడతాడు. ఈ పుస్తకంలో ముందు నిలబడింది తండ్రి, ఆయన కంటే ముందు తాత నర్సయ్య. నిజాం ఇచ్చిన యాభై ఎకరాలు దొర చేతిలో పోతే, సొంతూరు వంగపల్లి వదిలి రైల్వే బాట పట్టిన మనిషి ఆయన. ఊళ్లో వెట్టికి పగలూ రాత్రీ లేదు, కూలీ లేదు. రైల్వేలో డ్యూటీ అయ్యాక నెల తిరిగితే జీతం. ఆ తేడా ఎంత పెద్దదో క్వార్టర్‌లో పెరిగిన నాకే ఇప్పుడు తెలిసింది. మా తాత ఎందుకు ఊరు విడిచాడో మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

నాయన రెండో తరగతి దాకా చదివాడు. కళ్లల్లో శుక్లాలు, చిన్న అక్షరాలు కనపడవు. నేను నర్సుగా చేస్తున్నా. డ్యూటీ లేని రోజు చదివి వినిపిద్దామనుకున్నా. కానీ పుస్తకం మొదట్లో గత్తరకు (కలరాకు) చనిపోయిన భార్యను నర్సయ్య ఒక్కడే భుజాన వేసుకుని పూడ్చిపెట్టడానికి పోయే ఘట్టం ఉంది. మా నాయన తల్లి కూడా ఆయన చిన్నప్పుడే పోయింది, ఆ మాట ఎత్తితే లేచి బయటకు పోతాడు. ఆ భాగం దాటేసి చదవనా? ఇంట్లో ఇలాంటి పుస్తకం చదివి వినిపించినవాళ్లు ఉంటే చెప్పండి. ఇంకోమాట, మా తమ్ముడు పదో తరగతిలోనే ఆపేసి ఆటో నడుపుతున్నాడు, వాడూ మాతోనే ఉంటాడు.

బెల్లంపల్లి పెద్దాయన:
దాటేయకు బిడ్డా. నాయన చిన్నపిల్లగాడు కాదు. ముందే చెప్పు, "నాయినా, ఇందులో ఒక సావు ఉంది, చదవమంటావా, వద్దా" అని. వద్దంటే ఆపు. నువ్వే ఆయన తరఫున తీసేస్తే, తర్వాత ఎవరో ఒకరు ఆ ముచ్చట ఆయనకు చెప్పనే చెబుతారు. మా అమ్మ బొగ్గుబాయి కార్మికుడి భార్య. ఆమెకు మా కాలనీ గురించి అచ్చయిన వ్యాసాలు చదివి వినిపించేవాణ్ణి. బాధైన చోట "మళ్లా సదువు" అనేది. ఎందుకని నేను అడగలేదు, మళ్లీ చదివేవాణ్ణి.

సాయంత్రం బడి టీచర్:
నాకు ఇంకో సంగతి మీద టెన్షన్‌గా ఉంది. చావు భాగం కంటే, కొడుకులు చదువుకుని లెక్చరర్లు, ప్రొఫెసర్లు అయ్యే భాగం మీ ఇంట్లో ఎక్కువ గుచ్చుకోవచ్చు. తమ్ముడు పక్క గదిలో వింటూ ఉంటాడు కదా. బాలయ్య పట్టుదల గొప్పదే, నేను కాదనను. కానీ ఆ పట్టుదలే ఉన్నా, మిత్తికి జీతం సగం పోయిన ఇళ్లల్లో అందరు పిల్లల చదువూ సాగలేదు. మా బడికి వచ్చే పిల్లల తండ్రుల్లో అలాంటివాళ్లు ఎంతమందో. "చూడు, బాలయ్య పిల్లలు ఎట్లా చదివారో" అని ఎవరి నోటివెంటా ఒక్క మాట రాకూడదు. తమ్ముణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని చదవండి, చాటుగా వద్దు.

అక్షర:
పగలు చదవండి, రాత్రి వద్దు. మా నాన్నకు రాత్రి చదివితే నిద్రపట్టేది కాదు. ఒక్కోసారి నాలుగైదు పేజీలు చాలు.

కీమ్యాన్ బిడ్డ:
అందరికీ దండాలు. టీచర్ గారూ, మీరన్న సంగతి నా తలకే తట్టలేదు. తమ్ముణ్ణి కూర్చోబెట్టాకే నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టాను.

పెద్దాయన చెప్పినట్టే ముందే అడిగాను. "సదువు" అన్నాడు. నర్సయ్య శవాన్ని మోసుకుపోయే చోట నాయన కదల్లేదు, లేచి పోలేదు కూడా. కాసేపటికి "మీ నాయినమ్మను నలుగురు మోసిన్రు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆమె గురించి మాకు చెప్పిన మొదటి మాట అదే. నేనేమీ అడగలేదు, అమ్మ మాత్రం "ఎవరెవరు?" అనడిగింది. రెండు పేర్లు చెప్పాడు, మిగతా ఇద్దరివి యాదికి రాలేదన్నాడు.

ఇక యాభై ఎకరాల దగ్గర మాత్రం నన్ను ముందుకు పోనివ్వలేదు. "నిజాం ఇచ్చిన కాయితం ఉండెనా? ఉంటే దొర ఎట్ల తీస్కుండు? అడిగేటోడు లేడా?" అని ఒకటే కోపం. ఆ రోజుల్లో దొరను ఎవరడుగుతారని తమ్ముడు అన్నాడు. ఇద్దరికీ పెద్ద వాదన. అన్నం దగ్గర కూడా అదే.

ఇవాళ రైల్వేలో చేరే భాగం. ఆ కాలంలో పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించేవి) ఎట్లా మార్చేవాళ్లో పుస్తకంలో తప్పుంటే తాను చెబుతానని నాయన రెడీగా ఉన్నాడు. నాకు నైట్ డ్యూటీ పడిన వారం తానే చదువుతానన్నాడు తమ్ముడు.