అప్‌డేట్: మంచు కరిగి బేస్‌మెంట్‌లోకి నీళ్లొస్తే హోమ్ ఇన్సూరెన్స్ ఇస్తుందా? (న్యూజెర్సీ)

మార్చిలో మంచు కరిగేలోపు పాలసీలో ఏం చూసుకోవాలని అడిగాను కదా, తేలింది. అందరికీ థ్యాంక్స్. డిక్లరేషన్స్ పేజీ (పాలసీలో కవరేజ్‌లు, లిమిట్‌లు రాసుండే పేజీ) ముందు పెట్టుకుని ఏజెంట్‌తో మాట్లాడమన్న సలహా బాగా పనికొచ్చింది.

మాది మామూలు హెచ్‌ఓ-3 (సొంతింటికి ఎక్కువమంది తీసుకునే హోమ్ పాలసీ). సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంటలో చేరే నీటిని బయటికి తోడే పంపు) ఆగి గుంట పొంగినా, డ్రైన్ ఎదురుతన్నినా అందులో రాదు. దానికి వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చుకునే కవరేజ్) ఉండాలి. మాకు 5,000 డాలర్ల లిమిట్‌తో ఉంది. కార్పెట్, డ్రైవాల్ వేసిన బేస్‌మెంట్‌కి అది ఏ మూలకీ చాలదు, 25,000 చేయించాం.

బయట నేల మీద పారే నీళ్లు లోపలికొస్తే ఫ్లడ్ కింద లెక్క, వేరే పాలసీ. ఎన్‌ఎఫ్‌ఐపీలో (ఫెడరల్ ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్) మామూలుగా 30 రోజుల వెయిటింగ్, వాన సూచన చూశాక కొంటే లాభం లేదు. పైగా బేస్‌మెంట్‌లో ఫర్నేస్, వాటర్ హీటర్‌లకు ఇస్తారు గానీ కార్పెట్‌కీ సోఫాకీ ఇవ్వరు. కొనేముందే ఇది అడగండి. గోడ పగుళ్లలోంచి మెల్లగా ఊరే నీటికైతే సాధారణంగా హోమ్, ఫ్లడ్ పాలసీలు రెండింట్లోనూ రాదు.

ఇంటి రేటు పెరిగింది కాబట్టి కవరేజ్ పెంచమన్న సలహా మాత్రం అక్కర్లేకపోయింది. డ్వెలింగ్ లిమిట్‌కి (ఇంటి కట్టడానికి పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) లెక్క మళ్లీ కట్టే ఖర్చే, అమ్మకం ధర కాదు.

పంపు పరీక్ష తేలికే: గుంటలో బకెట్ నీళ్లు పోస్తే ఫ్లోట్ లేచి పంప్ ఆన్ అవ్వాలి, బయట పైపు చివర గడ్డకట్టిన మంచు అడ్డం లేకుండా నీళ్లు పడాలి.