అప్‌డేట్: హ్యాండ్‌బ్యాగులో పెట్టిన కార్డు పాడవడానికి కారణం తెలిసింది

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్న ఆఫీసు ప్రవేశ కార్డు మాటిమాటికీ పనిచేయడం మానేస్తోందని, పక్కనే ఉన్న బ్యాంకు కార్డులకు మాత్రం ఏమీ కావడం లేదని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బ్యాగు మూతకున్న అయస్కాంతపు బొత్తాన్ని అనుమానించమన్నవారి మాటే నిజమైంది.

కార్డులు తయారుచేసే సాంకేతిక నిపుణుడు నా కార్డు వెనుకనున్న గోధుమరంగు అయస్కాంత పట్టీ చూడగానే చెప్పేశారు. అది 300 ఓర్‌స్టెడ్ల (పట్టీలోని సమాచారం చెరగడానికి ఎంత అయస్కాంత బలం కావాలో చెప్పే కొలత) రకం, మామూలు అయస్కాంతం తగిలినా అందులోని సమాచారం చెరిగిపోతుంది. బ్యాంకు కార్డుల నల్లపట్టీ సాధారణంగా 2,750 ఓర్‌స్టెడ్లు లేదా అంతకు మించినది, అంత తేలిగ్గా చెరగదు. చిప్పుకైతే అయస్కాంతంతో పనే లేదు. నా బ్యాగు మూత వేసినప్పుడు ఆ బొత్తం టక్కున వచ్చి అతుక్కునేది సరిగ్గా ముందు అర మీదే, కార్డు ఉండేదీ అందులోనే!

మొదట అనుమానించిన తాళాల గుత్తి గీతలు, శానిటైజర్ తడి, ఫోను వేడి – వీటిలో దేనికీ సంబంధం లేదు. కార్డును లోపలి జిప్పు అరలోకి మార్చాక ఇబ్బంది రాలేదు. ఇంకో మాట: చెరిగిన పట్టీని ఎంత తుడిచినా లాభం లేదు. అదే కార్డు మీద సమాచారం మళ్లీ ఎక్కించవచ్చు, కొత్తది కొనేముందు ఆ సంగతి తప్పక అడగండి.