చమురు బావుల వ్యర్థాలకు 1980లో ఇచ్చిన మినహాయింపు ఇంకా ఉండాలా?

శారద_ల్యాబ్:
నేను పెన్సిల్వేనియాలో ఒక పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పోయిన వారం ఒక గ్యాస్ బావి దగ్గరి ట్యాంకు అడుగుమడ్డి శాంపిల్ వచ్చింది. ఊట పరీక్షలో (వ్యర్థం నుంచి నీళ్లలోకి ఎంత విషం ఊరుతుందో చూసేది) బెంజీన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు చేరితే ఆ వ్యర్థం ప్రమాదకరమని లెక్క. ఇందులో దానికి ఎన్నో రెట్లు ఉంది. ఇదే మడ్డి ఏ రంగుల ఫ్యాక్టరీ నుంచో వచ్చి ఉంటే, ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరిందో రాసే మ్యానిఫెస్ట్ కాగితం, పర్మిట్ ఉన్న డంపింగ్ స్థలం, అన్నీ కావాలి. బావి నుంచి వచ్చింది కాబట్టి ఫెడరల్ చట్టం ప్రకారం అవేవీ అక్కర్లేదు. రిపోర్టు మీద సంతకం పెట్టి పంపాను కానీ మనసు ఒప్పుకోలేదు.

తెలియనివాళ్ల కోసం: అమెరికాలో ప్రమాదకర వ్యర్థాల చట్టం, ఆర్‌సీఆర్ఏ, 1976లో వచ్చింది. టెక్సాస్ సెనేటర్ లాయిడ్ బెంట్సెన్ పేరుతో పిలిచే 1980 సవరణ చమురు, గ్యాస్, భూతాప శక్తి బావుల వ్యర్థాలను అందులోని కఠినమైన భాగం నుంచి పక్కన పెట్టింది. అధ్యయనం చేసి తేల్చమని ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏకి అప్పగించింది. 1988లో ఈపీఏ ఆ నిబంధనలు అక్కర్లేదని తేల్చింది. ఈ మినహాయింపు పోవాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మడ్_రవి:
శారద గారూ, టెక్సాస్‌లోని మిడ్లాండ్ చుట్టుపక్కల 14 ఏళ్లుగా మడ్ ఇంజినీరుగా, అంటే బావి తవ్వేటప్పుడు వాడే బురద (మడ్) చూసుకునేవాడిగా పనిచేస్తున్నాను. మినహాయింపు అంటే చట్టమే లేదన్నట్టు రాశారు, అది తప్పు. బావిలోంచి వచ్చే ఉప్పునీళ్లు వాటిని తిరిగి భూమి లోతుకు పంపే క్లాస్ 2 ఇంజెక్షన్ బావుల్లోకి వెళ్తాయి. వాటికి తాగునీటి రక్షణ చట్టం కింద పర్మిట్లుంటాయి. టెక్సాస్‌లో చమురు, గ్యాస్‌లను నియంత్రించే రైల్‌రోడ్ కమిషన్ వ్యర్థాల పిట్‌ల (గోతుల) నిబంధనలను ఈమధ్యే మొత్తం తిరగరాసింది, 2025 జులై నుంచి అమల్లో ఉన్నాయి.

ఇక పరిమాణం చూడండి. దేశమంతా కలిపి దాదాపు 1,80,000 క్లాస్ 2 బావుల్లోకి రోజుకు 200 కోట్ల గ్యాలన్లకు పైగా పంపుతున్నారు. ఇదంతా ఒక్కసారిగా ప్రమాదకర వ్యర్థమని ముద్ర వేస్తే ఎక్కడ పెడతారు? అంత చోటు ఉన్న డంపింగ్ స్థలాలు లేవు. పైగా డ్రిల్లింగ్ మడ్‌లో ఎక్కువ భాగం బెంటొనైట్ మట్టి, బరైటు. మట్టికి భయపడితే ఎలా?

శారద_ల్యాబ్:
రవి గారూ, నేను అడిగింది అడుగుమడ్డి గురించి. మీరు బెంటొనైట్ గురించి చెప్పారు.

కిరణ్77:
బావి పనికి తెచ్చి వాడని యాసిడ్ డ్రమ్ములో మిగిలిపోతే ప్రమాదకర వ్యర్థం. అదే యాసిడ్ బావిలోకి పోయి తిరిగొస్తే మినహాయింపు. నిజమేనా?

మడ్_రవి:
నిజమే. కానీ అది అదే యాసిడ్ కాదు. కింద సున్నపురాయితో కలిసి దాని ఆమ్లగుణం చాలావరకు విరిగిపోతుంది.

శారద_ల్యాబ్:
చాలావరకు. పీహెచ్ 2 కంటే తక్కువతో, అంటే ఘాటైన యాసిడ్‌గానే, తిరిగొచ్చిన శాంపిళ్లు నేను చూశాను. విరిగిందో లేదో కొలిచి చూడమంటే ఎందుకంత అభ్యంతరం?

మడ్_రవి:
మేము కొలుస్తాం. లోహం తినేసే నీళ్లను మా పైపుల్లోకి మేమే పంపుకుంటామా?

కిరణ్77:
మీ పైపుల కోసం కొలుస్తున్నారన్నమాట.

భూతాపం_సురేష్:
ప్రతి చర్చలోనూ భూతాప బావులను చమురుతో కలిపేస్తారు, ఎవరూ విడిగా మాట్లాడరు. నేను కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో పనిచేశాను. సాల్టన్ సీ దగ్గర భూమిలోంచి వచ్చే వేడి ఉప్పునీళ్లను ఆవిరి తీసుకున్నాక తిరిగి అదే పొరలోకి పంపుతారు. ఆ బావులు క్లాస్ 5 అనే వేరే తరగతి కిందికి వస్తాయి, క్లాస్ 2 కాదు. నీళ్లతో మాకు పెద్ద చిక్కులేదు. చిక్కంతా పైపుల లోపల గట్టిపడే పెచ్చుతో. అందులో సీసం, ఆర్సెనిక్ ఉంటాయి. గీకి తీసేవాళ్లకు అది తెలియాలి.

నాగేశ్వరరావు_ట్రక్:
గీకేవాళ్లకే కాదు, మోసేవాళ్లకూ తెలియాలి. నేను ఒహాయో, పెన్సిల్వేనియా మధ్య రెండేళ్లు బావి నీళ్ల ట్యాంకర్ నడిపాను. కాగితం మీద 'బ్రైన్' అని మాత్రమే ఉండేది. ఉప్పునీళ్లే కదా అనుకున్నాను. గొట్టం ఊడి ఒంటి మీద పడినా అదే బట్టలతో ఇంటికి వెళ్లేవాణ్ణి. బూట్లు గుమ్మం లోపల విడిచేవాణ్ణి, మా పాప వాటితో ఆడుకునేది. అక్కడి నీళ్లలో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుందని ఆ పని మానేశాక టీవీలో చూసి తెలుసుకున్నాను. ఆ కంపెనీలో ఒక్కరూ చెప్పలేదు.

మడ్_రవి:
నాగేశ్వరరావు గారూ, మీకు జరిగింది అన్యాయం. కానీ అది మీ యజమాని తప్పు. దానికి ఆర్‌సీఆర్ఏతో సంబంధం లేదు.

శారద_ల్యాబ్:
సంబంధం లేదంటారా? మ్యానిఫెస్ట్ ఉండి ఉంటే ఆయన చేతిలో కాగితం ఉండేది! రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. 2014లో నార్త్ డకోటాలోని నూనన్‌లో మూతబడ్డ పెట్రోలు బంకులో బావి నీళ్లను వడకట్టిన రేడియోధార్మిక ఫిల్టర్ సాక్స్ సంచులకొద్దీ పడేసి పోయారు. ఎక్కడ పుట్టింది, ఎక్కడికి చేరింది అని అడుగడుగునా కాగితం ఉంటే అంత తేలిగ్గా పారేసేవాళ్లా? రవి గారూ, మీ జీతం ఈ మినహాయింపు మీద నిలబడింది, అందుకే మీకు కనిపించడం లేదు.

మడ్_రవి:
జీతం మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. 2020లో ధర పడిపోయినప్పుడు మా రిగ్గులు ఆగిపోయాయి. ఉద్యోగం పోయింది. వీసా లెక్కన ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి చేతిలో ఉన్నది 60 రోజులు. పిల్లాడు మూడో తరగతి. 53వ రోజున ఇంకో ఉద్యోగం దొరికింది. ఆ రోజులు ఎలా గడిచాయో నాకూ నా భార్యకూ తెలుసు. ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్లు ఒక్క మాటలో 'పోవాలి' అనడం సులభం.

మోడరేటర్:
వ్యక్తిగత మాటలు ఆపండి. మళ్లీ రాస్తే తొలగిస్తాం.

శారద_ల్యాబ్:
జీతం మాట అనకూడదు. క్షమించండి రవి గారూ. కానీ ఏసీ గది మాట ఒప్పుకోను. ఆ శాంపిల్ మూత తీసేది నేనే.

మడ్_రవి:
సరే. నా భయమేమిటో నేరుగా చెప్తాను. పరీక్షలంటే నాకు భయం లేదు. ముద్ర అంటే భయం. రోజుకు రెండు మూడు పీపాలు తీసే చిన్న బావుల వాళ్లు వేలమంది ఉన్నారు. ప్రమాదకర వ్యర్థమనే ముద్ర పడితే ఆ ఖర్చు మోయలేక బావిని మూయకుండానే వదిలేసి పోతారు. అప్పుడు అడుగుమడ్డిని ఎవరు ఎత్తుతారు?

శారద_ల్యాబ్:
ముద్ర లేని ఇప్పుడు కూడా వదిలేసే పోతున్నారు కదా. అనాథ బావులు మూయడానికి 2021 మౌలిక వసతుల చట్టంలో 470 కోట్ల డాలర్లు కేటాయించారు. అది మనందరి పన్ను డబ్బు. మీరు చెప్పే ఆదా ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకోటి. మొత్తం మినహాయింపు ఎత్తేయడం అయ్యే పని కాదని నాకూ తెలుసు. ఈపీఏ నిబంధనలు రాసినా కాంగ్రెస్ మళ్లీ చట్టం చేస్తేనే అవి అమల్లోకి వస్తాయని 1980 సవరణలోనే ఉంది. కఠిన భాగం సంగతి వదిలి, మామూలు వ్యర్థాల నిబంధనలనైనా సవరించమని 2016లో పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కితే, 2019లో ఈపీఏ అదీ అక్కర్లేదంది. అందుకే మొదట రాసిన 'పోవాలి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు కావలసింది పరీక్ష, దాని ఫలితం రాసిన కాగితం వ్యర్థంతోపాటే వెళ్లడం. బెంజీన్, పీహెచ్, రేడియం.

మడ్_రవి:
బెంజీన్, పీహెచ్‌లకు ఒప్పుకుంటాను. రేడియంకు ఒప్పుకోను. సరిగ్గా కొలవాలంటే శాంపిల్‌ను సీలు వేసి మూడు వారాలు ఉంచాలి. అది నాకంటే మీకే బాగా తెలుసు. అన్నాళ్లు ట్రక్కును ఆపుతారా?

శారద_ల్యాబ్:
ప్రతి ట్రక్కుకూ ఎందుకు? ఒక్కో బావికి ఏడాదికి రెండుసార్లు చాలు.

మడ్_రవి:
బావి మొదలైన మొదటి నెలల్లో నీళ్లు వారం వారం మారతాయి. ఏ రోజు తీసిన శాంపిల్‌ను నమ్ముతారు?

భూతాపం_సురేష్:
మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చారు. పెచ్చు సంగతి ఎవరూ అడగలేదు.

నాగేశ్వరరావు_ట్రక్:
మూడు వారాలు పట్టినా, ఆరు వారాలు పట్టినా ఫర్వాలేదు. పాత పరీక్షదైనా సరే ఒక అంకె రాసి డ్రైవర్ చేతిలో పెట్టండి. బూట్లు ఎక్కడ విడవాలో నేను చూసుకునేవాణ్ణి.