‘లంగరుతో పనిలేదోయ్’: అక్కర లేకపోవడమా, అందకపోవడమా?

1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రంలో ఘంటసాల పాడిన ‘కుడి ఎడమైతే’ పాట చివరి చరణం గురించి రెండు రోజులుగా ఇక్కడ సాగుతున్న చర్చను శ్రద్ధగా చదివాను. ‘లాయిరీ నడి సంద్రములోన లంగరుతో పనిలేదోయ్’ అన్న పాదానికి ‘మత్తులో తేలిపోయేవాడికి కట్టుబాట్లు అక్కర్లేదు’ అని ఒక మిత్రులు చెప్పిన అర్థాన్ని చాలామంది ఒప్పుకున్నారు. వ్యాకరణం దృష్ట్యా అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడే ఆగిపోతే, అది ప్రేమించిన పార్వతిని పోగొట్టుకున్న దేవదాసు మాటలా కాక ఒక విలాసపురుషుడి మాటలా వినిపిస్తుంది. నాకున్న అభ్యంతరం అదొక్కటే.

ముందుగా ‘లాయిరి’ సంగతి చూద్దాం. ఇది ‘లాహిరి’కి వాడుకలో వచ్చిన రూపం. తెలుగులో దానికి మత్తు, మైకం అని అర్థం. సంస్కృతంలో ‘లహరి’ అంటే పెద్ద అల, హిందీలో ‘లహర్’ అన్నా అలే. కాబట్టి ‘లాయిరీ నడి సంద్రం’ అన్నప్పుడు మైకం, అల రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ‘నడి’ కూడా ఇక్కడ కేవలం మధ్యభాగాన్ని చెప్పే మాట కాదు. నడిరోడ్డున వదిలేశాడంటాం, నట్టేట ముంచాడంటాం. ఆ ‘నట్టేట’లో ఉన్నదీ ఈ ‘నడి’యే. దిక్కులేనితనం తెలుగువారి చెవికి ఆ రెండక్షరాల్లోనే వినిపిస్తుంది.

ఇక లంగరు. పారసీకం నుంచి వచ్చిన ఈ మాట మన విశాఖపట్నం వారికి నిఘంటువు అవసరం లేకుండానే తెలుసు. సాయంత్రం బీచ్ రోడ్డున నిలబడితే, పోర్టులోకి వచ్చే వంతు కోసం లంగరు వేసుకుని ఎదురుచూస్తున్న ఓడలు కనిపిస్తాయి, చీకటి పడ్డాక వాటి దీపాలు మాత్రమే మిగులుతాయి. వాటిని చూసి చూసి, లంగరు తన బరువుతోనే ఓడను ఆపుతుందని చాలాకాలం అనుకునేదాన్ని. నిన్న ఉదయం ఫిషింగ్ హార్బరులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను, ఈ పాట ఊసెత్తకుండానే, నడిసముద్రంలో లంగరు వేస్తారా అని అడిగాను. ఆయన పక్కనున్న తాడు కొసను నేల మీంచి పైకెత్తి, గాలిలో వేలాడదీసి చూపించి, ‘నేల దొరికితే కదమ్మా పట్టేది, అక్కడ ఇలాగే ఏలాడతాది’ అన్నారు. నిజానికి లంగరును పనిచేయించేది ఒట్టి బరువు కాదు. నీటి లోతుకు కొన్ని రెట్లు పొడవున్న గొలుసు వదిలితే, అందులో కొంత అడుగున పడుకుని లంగరును అడ్డంగా లాగుతుంది, ఆ లాగుడుకే దాని కొక్కెం నేలలోకి దిగుతుంది. అడుగే అందని చోట ఎంత గొప్ప లంగరైనా తాడుకు కట్టిన ఇనుపముక్కే.

ఆ మాట విన్నాక ఈ పాదం నాకు వేరుగా వినిపించింది. ‘పనిలేదు’ అన్నది స్వేచ్ఛను చాటుకోవడం కాదు, పట్టు దొరకని చోట ఉన్నవాడు ఆ పట్టే తనకు అక్కర్లేదని చెప్పుకోవడం. ‘లంగరుతో’ అన్నారు గానీ ‘లంగరు వల్ల’ అనలేదు కదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ‘వల్ల’ అని ఉంటే అది ఉపయోగం లేదన్న నిరాశగా బయటపడిపోయేది; ‘తో’ అనడంలో దాన్ని కప్పిపుచ్చుకునే బింకం ఉంది. దక్కనిదాన్ని వద్దనుకున్నట్టు మాట్లాడటం ప్రేమలో దెబ్బతిన్నవారందరూ చేసే పనే. పెళ్లింట వేరొకరి పక్కన ఆమెను చూసివచ్చినవాడు ‘నాకేం బాధ లేదులే’ అంటే ఆ ‘లేదు’ను మనమెవరమూ నమ్మం.

దీనికి ఆధారం బయట వెతకనక్కర్లేదు, ఆ పాటలోనే ఉంది. పల్లవిలో సుడిలో దూకి ఎదురీదక ‘మునకే సుఖమనుకోవోయ్’ అంటాడు. మునక సుఖమని చెప్పడం లేదు, సుఖమని అనుకోమంటున్నాడు. ఆ ‘అనుకో’ అన్న క్రియను తీసేస్తే పాట మొత్తం తాగుబోతు వేదాంతంగా మారిపోతుంది. అది ఉన్నందువల్లనే మునుగుతున్నవాడు తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడని తెలుస్తోంది. పొరపాటు లేదు, ఓడిపోలేదు, పనిలేదు అంటూ ఇన్నిసార్లు ‘లేదు’ అనవలసివచ్చిందంటే, అవన్నీ ఉన్నాయన్న సంగతి అతని మనసుకు తెలుసు. ‘ఓయ్’ అని ఎవరిని పిలుస్తున్నాడని ఒకరు అడిగారు. తననే. తన మాట వినేందుకు మరొకరు మిగలనివాడు అతను.

అదే చరణంలో వచ్చే ‘కబురేలోయ్’ గురించి అడిగినవారికి క్లుప్తంగా చెబుతాను: కబురు, ఏల, ఓయ్ అన్న మూడు మాటలూ కలిసిన రూపమది. చందమామ మసకేసిపోయే ముందుగా కబురు ఎందుకు అని భావం. ఇందులో పెద్ద చిక్కేమీ లేదు.

లంగరు నేలను పట్టకుండా వేలాడినా, పట్టి జారినా, దాన్ని చెప్పడానికి మన తీరంలో వేరే మాట ఏదైనా ఉందా? ఆ పెద్దాయనను అడగడం మరిచిపోయాను. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రం మీదికి వెళ్లే కుటుంబాల వారెవరైనా ఇక్కడ ఉంటే, మీ ఇంట్లో పెద్దలను అడిగి, వారు పలికిన తీరులోనే రాయవలసిందిగా కోరుతున్నాను.